తూకం లేని కట్టె

చరిత్ర పుస్తకాల్లో రైలు ఉంది, కరువు ఉంది, అడవి చట్టం ఉంది. నెత్తిన కట్టెమోపు పెట్టుకుని ఆ రైలు పక్కన, ఆ కరువులో, ఆ చట్టానికి భయపడుతూ నడిచిన మనిషి మాత్రం లేడు. మాది కడప జిల్లా కమలాపురం వైపు ఒక మాదిగపల్లె. మా అబ్బ కట్టెలు మోసినాడు. మా నాయన కట్టెలు చీల్చినాడు, ఆ తర్వాత కట్టెలమ్మినాడు. మా ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివింది నేను. సర్కారు బళ్లో లెక్కలు చెప్తాను. అందుకే మా ఇంటి చరిత్రను లెక్కగా చెప్పాలని కూచున్నా.

మా అబ్బ ఊరి వెట్టివాడు. పేరుకు ఇంత మాన్యం, చాకిరీకి అంతు లేదు. తాసిల్దారు క్యాంపుకొచ్చినా, పోలీసులొచ్చినా చావిడి కాడికి కట్టెలు, నీళ్లు చేర్చాల్సింది ఆయనే. రెడ్డి ఇంట్లో పెళ్లయితే గాడిపొయ్యికి మొద్దులు, చావైతే కాటికి మొద్దులు. రాజ్యాంగం 23వ అధికరణం 1950లోనే వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. మునసబు, కరణం పదవులు పోయింది 1984లో. మా పల్లెలో వెట్టి పోయిందని పెద్దోళ్లు చెప్పుకునేది ఆ 1984 నుంచే. చట్టం ఢిల్లీ నుంచి మా పల్లెకు నడిచి రావడానికి అన్నేళ్లు పట్టింది.

ఇక్కడొక తిరకాసుంది. మా జేజి ముట్టిన నీళ్లు రెడ్డి ఇంట్లో తాగరు. జేజి మోసిన కట్టె మాత్రం నేరుగా వంటింటి పొయ్యిలోకే పోతుంది. దానిమీద పసుపునీళ్లు చల్లే పని లేదు. నిప్పు అన్నిటినీ శుద్ధి చేస్తుందంట! ఆ కట్టెతో ఉడికిన సంగటిని మళ్లీ మా జేజికి దొడ్డివాకిట్లో, పైనుంచి కొంగులోకి వేసేవాళ్లు. మా చాకిరీ అవసరమైన కాడల్లా శాస్త్రం దోవ ఇచ్చింది. అంటరానితనం వట్టి నమ్మకమేనని వాదించే పండితులు ముందు ఈ కట్టె సంగతి తేల్చాలి.

మా దిక్కున కట్టెకు కటకట ఊరికే రాలేదు. మద్రాసు రైలుదారి కడప మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారిని కలిసింది. మొదట్లో ఆ ఇంజన్లు చాలావరకు కట్టెలు కాల్చే నడిచినాయి. రైలు తినంగా మిగిలిన అడవికి 1882లో మద్రాసు అడవి చట్టం కంచె వేసింది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కట్టె కొడితే నేరం. జేజి మోపు కోసం కొండకు పోతే గార్డు గొడ్డలి గుంజుకునేవాడు. "సామీ, గొడ్డలియ్యి సామీ, అది లేకుంటే మా పొయ్యి ఎలగదు" అని పొద్దుగూకే దాకా ఆయన కాళ్లకాడ కూచునేదంట. మా జిల్లా కొండల్లో ఎర్రచందనం పెరగడం ఇంకో శాపం. కట్టెమోపుతో కనిపించిన మాదిగోడు ముందు దొంగ, తర్వాతే మనిషి.

మమ్మల్ని బతికించింది కంప. పుస్తకాల్లో సర్కారు తుమ్మ అని రాస్తారు. అమెరికా ఖండపు ఎండనేలల చెట్టది. ఎండ జిల్లాల్లో దీన్ని నాటాలని బెడ్డోం అనే అటవీ అధికారి 1876లో మద్రాసు రెవెన్యూ శాఖకు రాసినాడు. 1877లో మా కమలాపురంలోనే విత్తనాలేసినారు. అది ధాత కరువు కాలం. జనం గంజికి బారులు తీరి, నిలబడిన కాడనే రాలిపోతున్న ఏడాది. ఆ తర్వాత మేకలు కాయలు తిని, పెంటికలతో గింజల్ని చెరువుల్లో, పాపాగ్ని గట్టుల్లో చల్లినాయి. కంపను నరికితే మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. రైతుకు అది పీడ. మాకు గార్డు లేని అడవి. ముల్లు దిగితే కాలు వారంపాటు చీము పట్టేది. అయినా సెంటు భూమి లేని మాకు పంట అంటే అదే.

మా నాయన 1990ల్లో ప్రొద్దుటూరులో ఒక కట్టెల డిపోలో కూలికి చేరినాడు. పక్కనే దాని సామిల్లు. మోటారు బెల్టుతో గుండ్రటి రంపం తిరుగుతుంది. రంపం పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి, ఆకురాయితో పదును పెట్టాలి. అట్లా వంచకపోతే కోత ఇరుకై రంపం కట్టెలో పట్టుకుంటుంది. మొద్దులో పాత మేకు దాక్కుని ఉంటే పన్ను విరిగి తూటా మాదిరి లేస్తుంది. నాయన ఎడమచేతి చూపుడువేలు సగం అక్కడే పోయింది. రంపం అడ్డంగా కోసి ముక్కలు చేస్తుంది. నిలువునా చీల్చాల్సింది మనిషే. ఇనుప మేకు దిగ్గొట్టి, సమ్మెటతో మోది, గొడ్డలితో పేళ్లు చేయాలి. ముడి పడ్డ కంప మొద్దు ఒక్కటే గంటసేపు తినేస్తుంది.

కూలి టన్ను లెక్కన. మోసం కూడా అక్కడే. కట్టె పచ్చిగా ఉన్నప్పుడు చీల్పించి, ఎండినాక తూకం వేసి కూలి ఇచ్చేవాడు యజమాని. టన్ను పచ్చి కంప మూడు నెలలు ఎండితే ఏడువందల కిలోలకు దిగుతుంది. మూడువందల కిలోల కష్టం గాలికి పోయినట్టే. అదే కట్టెను వానకు తడవనిచ్చి హోటళ్లకు తూచేవాడు. తూకం ఎప్పుడు వేయాలో చెప్పగలిగినోడే యజమాని అని నాయన అక్కడ నేర్చుకున్నాడు.

2004లో సొంత అంగడి పెట్టాలనుకున్నాడు. ఎస్సీ కార్పొరేషన్ మార్జిన్ మనీ కాగితాలు పట్టుకుని ఒక బ్యాంకుకు పోతే, "మీవాళ్లకు ఎనుముల లోను ఉంది కదప్పా, డిపోలు గిపోలు ఎందుకు?" అన్నాడు మేనేజరు. రంపం పెట్టే దారి అంతకుముందే మూసుకుపోయింది. సామిల్లుకు లైసెన్సు ఉండాలని రాష్ట్రంలో 1969 నుంచే నియమాలున్నాయి. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996లో అడవుల్లో అనుమతి లేని సామిల్లుల్ని ఆపమంది. 2002 అక్టోబరులో, కేంద్ర సాధికార కమిటీ ముందస్తు అనుమతి లేకుండా కొత్తవి తెరవొద్దంది. అడవిని కాపాడాల్సిందే, నేను కాదనను. కానీ ఆ రోజుకు లైసెన్సులు ఎవరి చేతుల్లో ఉన్నాయి? మా చుట్టుపక్కల మాలమాదిగల సామిల్లు ఒక్కటీ లేదు. రంపం ముందే సంపాదించుకున్న కులాలకు ఆ కాగితం ఆస్తి అయింది. నాలుగు పైసలు ఆలస్యంగా చూసిన మాకు తలుపు మూత పడింది.

అందుకని నాయన రంపం జోలికి పోలేదు. మా అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి కాటా కొన్నాడు. వేలాడగట్టే పెద్ద కాటా, ఇనుప రాళ్లు, వాటిమీద తూనికలు కొలతల శాఖ ముద్ర. మొద్దుల్ని సామిల్లులో టన్నుకింత అని కోయించుకొచ్చి, చీల్చి, ఎండబెట్టి అమ్మేవాడు. హోటళ్లకు లావు మొద్దులు, ఇళ్లకు సన్నపేళ్లు, టీ అంగళ్ల పొట్టుపొయ్యిలకు రంపపు పొట్టు. ఎండినాకనే తూకం, కొనేవాళ్ల కళ్లముందరే తూకం. ఒకాయన "మాదిగోని కాటాను నమ్మేదెట్ల?" అని బండితో సహా వేరే కాటాకు పోయి మళ్లీ తూకం వేయించినాడు. తేడా రాలేదు. మరుసటి వారం మా అంగడికే వచ్చినాడు. అంతకుముందు "ఏమిరా" అన్న నోరే "ఏమప్పా" అంది.

ఆ కాటా మీద కూడా తూగనిది ఒకటుంది. పొయ్యి రాజేసే సితుకులు. ఇంటి పనంతా అయినాక రాత్రిపూట అమ్మ సన్నపుల్లలు, పేళ్ల తునకలు, కందికట్టె కలిపి కట్టలు కట్టేది. మొద్దులు కొన్నవాళ్లు "సితుకులు ఊరికే ఎయ్యప్పా" అనేవాళ్లు. నాయన వేసేవాడు. అంగడి ఖాతా పుస్తకంలో అమ్మ పని ఏ పేజీలోనూ లేదు. కమ్మలు కూడా లేవు. ఊరి వెట్టికి లెక్క అడిగే మనం ఇంటి వెట్టికీ అడగాలి.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చినాక ఇళ్ల బేరం తగ్గింది. మంచిదే. కట్టెపొయ్యి రుచిని పొగిడేవాళ్లు పొగకు మసకబారిన మా జేజి కళ్లు చూడలేదు. హోటళ్లు, పెళ్లి వంటలు మిగిలినాయి. సిలిండరు ఉండీ, మళ్లీ నింపించే డబ్బుల్లేక కట్టె కొనుక్కుపోయేది ఎక్కువగా మన వాడల జనమే.

ఇప్పుడు లెక్క. మా ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలరు. మోపు 25 కిలోలనుకుందాం. అబ్బ, జేజి కలిసి వారానికి రెండు మోపులు వెట్టికి వేసినారనుకుందాం. ఏడాదికి 104 మోపులు, అంటే 2,600 కిలోలు. 30 ఏళ్లకు 78 టన్నులు. పది టన్నుల లారీలు దాదాపు ఎనిమిది. పెళ్లి మొద్దులు, కాటి మొద్దులు ఇందులో కలపలేదు. ఇది ఒక్క ఇంటిది, ఒక్క తరానిది. రిజర్వేషన్లు ఇంకా ఎన్నేళ్లని అడిగే స్టాఫ్‌రూం మిత్రులకు నేను ఈ లెక్కే చూపిస్తాను. "అంతా అనుకుందాం అనుకుందాం అంటావు, ఆధారమేది?" అంటారు వాళ్లు. ఆధారం లేకుండా చేయడమే వెట్టి. తూకం వేసుంటే కూలి ఇవ్వాల్సొచ్చేది కదా!

విద్యార్థి మిత్రులారా, మీ ఇళ్లల్లో ముసలోళ్లను అడగండి. మోపు ఎంత బరువు, ఎంత దూరం మోసినారు, ఎవరి పొయ్యికి, ఏమిచ్చినారు? తేదీలు గుర్తులేకుంటే ఏ కరువు, ఏ ఎలక్షను అని అడగండి. విన్నది విన్నట్టు రాసిపెట్టండి. మోసినోళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్లుండంగానే ఆ బరువును కాటా మీదికి ఎత్తాల.