తీపి జొన్న నుంచి ఇథనాల్: హైదరాబాదు పశ్చిమాంచల పరిశోధనల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైటెక్ సిటీకి వాయవ్యాన ఉన్న పటాన్‌చెరు, దక్షిణాన ఉన్న రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రాలలో జొన్నను ఇంధన పైరుగా మలచడానికి జరిగిన కృషిని ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. మొక్క స్వభావంలో సాధించిన మార్పులు కోతకాలం, ఇథనాల్ ధర, చొప్పపై హక్కు అనే చిక్కులను తీర్చలేకపోయాయని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తీపి జొన్న, ఇథనాల్, ఇక్రిశాట్, జన్యుమార్పిడి, జన్యు సవరణ.

1. ఉపోద్ఘాతం:
తెలుగునేలపై జొన్న ప్రధానంగా తిండిగింజ. పల్నాటి జొన్నకూటిపై శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు సుపరిచితాలే. గింజ మనిషికి, చొప్ప పశువుకు అన్నది మెట్టరైతు పాటించిన పంపకం. ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాల్లో ఈ పంపకంలోకి ఇంధనం మూడవ హక్కుదారుగా ప్రవేశించింది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి సైబరాబాదు చరిత్రను సమాచార సాంకేతికత చరిత్రగానే చెప్పడం పరిపాటి. అంతకు చాలాముందే ఆ పరిసరాల్లో వ్యవసాయ విజ్ఞానం వేళ్లూనుకొంది. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పటాన్‌చెరులో నెలకొనగా, జాతీయ జొన్న పరిశోధన కేంద్రం రాజేంద్రనగర్‌లో వెలసింది. నేటి భారతీయ చిరుధాన్య పరిశోధన సంస్థ ఇదే.

2. సంకరణం నుంచి జన్యుక్రమం దాకా:
జొన్నలో పురుష వంధ్యత్వాన్ని ఉపయోగించుకొనే పద్ధతి 1954లో అమెరికాలో వెలుగుచూసింది. దాని ఆధారంగానే 1964లో భారతదేశపు తొలి హైబ్రిడ్ జొన్న సిఎస్‌హెచ్-1 విడుదలైంది. ఇక్రిశాట్‌లో తీపి జొన్నపై 1980లో మొదలైన పరిశోధన మధ్యలో ఆగి, 2002లో పునఃప్రారంభమైంది. దేశపు తొలి తీపి జొన్న హైబ్రిడ్ సిఎస్‌హెచ్ 22 ఎస్‌ఎస్ ఆ దశకంలోనే వచ్చింది. దానికి ఆడ జనకం ఇక్రిశాట్ రూపొందించిన ఐసిఎస్‌ఎ 38, మగ జనకం ఎస్‌ఎస్‌వి 84. ఇది రెండు సంస్థల కృషి ఒకే విత్తనంలో కలిసిన సందర్భం. ఇందులో జరిగింది సంకరణమే తప్ప జన్యుమార్పిడి కాదు.

2009 జనవరిలో జొన్న సంపూర్ణ జన్యుక్రమం ప్రకటితం కావడంతో అన్వేషణ జన్యువుల స్థాయికి చేరింది. కాండం బెండువారడానికి కారణమయ్యే జన్యువును 2018లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ జన్యువు పనిచేయని మొక్కల్లోనే కాండం రసభరితంగా ఉంటుంది. అంటే తీపి కాండాలను ఏరి విత్తనం కట్టిన పూర్వపు రైతులు, ప్రయోగశాలలు పుట్టకముందే, తమకు తెలియకుండానే ఒక జన్యులోపాన్ని కాపాడుకొంటూ వచ్చారన్నమాట.

3. చేను నుంచి కర్మాగారానికి:
2003 జనవరిలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే పథకం ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో ఆరంభమైంది. ఇక్రిశాట్ తోడ్పాటుతో రుస్ని డిస్టిలరీస్ 2007లో నాటి మెదక్ జిల్లాలో తీపి జొన్న నుంచి ఇథనాల్ ఉత్పత్తి ప్రారంభించింది. కర్మాగారం సామర్థ్యం రోజుకు 40 కిలోలీటర్లు.

సమస్య రసం వద్ద కాక కాలం వద్ద ఎదురైంది. కోసిన కాండాన్ని నిలవ ఉంచితే చక్కెర విచ్ఛిన్నమై ఆల్కహాలు దిగుబడి పడిపోతుంది. పైరు నాలుగు నెలల్లో చేతికొస్తుంది గానీ, ఊరంతటి కోత ఒకేసారి వస్తుంది. తక్కిన నెలల్లో యంత్రాలు ఖాళీ. ఈ చిక్కును విప్పే బాధ్యత తిరిగి మొక్కపైనే పడింది. పగటి పొడవు ప్రభావానికి లోనుకాని రకాలను, వేర్వేరు వ్యవధుల్లో పక్వమయ్యే రకాలను ప్రజననకారులు అన్వేషించారు.

రెండవ పరిష్కారం గ్రామస్థాయిది. మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో నెలకొల్పిన యూనిట్‌లో రసాన్ని అక్కడికక్కడే పిండి పాకంగా కాచేవారు. పాకం నిలవ ఉంటుంది, పిప్పి ఊళ్లోనే మేతకు మిగులుతుంది. పాత పంపకాన్ని చెరపకుండా మూడవ వాటాకు చోటు కల్పించిన ఏర్పాటుగా దీనిని గుర్తించాలి. అయితే చమురు సంస్థలు కొనే ఇథనాల్ ధర 2007లో లీటరుకు 21.50 రూపాయలు, 2010లో 27 రూపాయలు. చక్కెర మిల్లుల్లో ఉపఉత్పత్తిగా దొరికే మొలాసిస్‌తో, ప్రత్యేకంగా సాగుచేసిన పైరు ఆ ధరకు పోటీపడటం కష్టం. తీపి జొన్న స్థిరమైన పరిశ్రమగా నిలదొక్కుకోలేదు.

4. జన్యుమార్పిడి - అనుమతుల సరిహద్దు:
జన్యుమార్పిడి జొన్న ప్రపంచంలో 1993లోనే సాధ్యమైంది. భారతదేశంలో మాత్రం 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి తరువాత మరే జన్యుమార్పిడి పంటా వాణిజ్యసాగుకు రాలేదు. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయపై విధించిన నిలుపుదల పరిశోధనల దిశనే ప్రభావితం చేసింది. జొన్న విషయంలో సందేహాలు నిరాధారం కావు. అది తన బంధువైన జాన్సన్ గడ్డితో సంకరం చెందగలదు; చేర్చిన జన్యువు కలుపుమొక్కకు సంక్రమించే అవకాశం ఉంది. పిప్పి నుంచి ఇథనాల్ తీయడానికి లిగ్నిన్ తగ్గించవచ్చు గానీ, కాండానికి నిలబడే బలమిచ్చేది కూడా లిగ్నినే.

పరాయి జన్యువు మిగలని కొన్ని రకాల జన్యు సవరణలకు 2022 మార్చిలో కేంద్రం నిబంధనల సడలింపు ఇచ్చింది. 2025 మేలో రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డిఆర్‌ఆర్ ధాన్ 100 ఆ మార్గంలోనే వెలువడింది. అదే మార్గం తీపి జొన్నకూ తెరుచుకొంది.

5. ముగింపు:
2018 జాతీయ జీవ ఇంధన విధానం తీపి జొన్నను ఇథనాల్ ముడిసరుకుల్లో చేర్చింది. జన్యు సవరణ చక్కెరను పెంచగలదు, కాండాన్ని మార్చగలదు. కోతకూ గానుగకూ మధ్య గడువును, లీటరు ధరను, చొప్ప ఎవరిదన్న ప్రశ్నను మాత్రం అది పరిష్కరించలేదు. రాబోయే ఇంధన పైరు ప్రయోగశాలలో గెలిచినా, ఈ మూడింటికి సమాధానం లేకపోతే మెదక్ అనుభవమే పునరావృతమవుతుందని ఈ చరిత్రవల్ల విదితమవుతోంది.