కెథెడ్రలు శబ్దము: మెదకు, డోర్నకలు ఆలయములు

ఐరోపా నగరములయందలి మధ్యయుగపు క్రైస్తవాలయములను చూడబోవువారు మొట్టమొదట వాని యెత్తునకు అచ్చెరువందుదురు. ఫ్రాన్సుదేశమున షార్త్ర్ నగరమందలి యాలయము 1194లో అగ్నికి ఆహుతియై, మరల కట్టబడి 1260లో ప్రతిష్ఠింపబడినది. మొనదేలిన కమానులును, రంగుటద్దముల గవాక్షములును దానికి ప్రసిద్ధిని దెచ్చినవి. ఇట్టివానిని కెథెడ్రళ్లందురు. అయినను ఆ పేరు ఎత్తునుబట్టి వచ్చినది కాదు. గ్రీకుభాషలో కథెద్రా యనగా ఆసనము. అందు హెద్రా యను భాగమునకు మూలమైన ధాతువు మన సద్ధాతువునకు జ్ఞాతి. సంస్కృతమున పదాదియందలి సకారము గ్రీకున హకారమగుట సప్త, హెప్త శబ్దములవలననే తెలియును. సదస్సు, సదనము ఎట్టివో యిదియు నట్టిదే. బిషప్పు పీఠమున్న యాలయమే కెథెడ్రలు. అది పూరిపాకయైనను సరియే.

ఈ యర్థము తెలిసినచో తెలంగాణమందలి రెండాలయముల చరిత్ర తేటపడును.

గొల్లపల్లి, జగిత్యాల ప్రాంతములవారు సిరిసిల్ల, కామారెడ్డిల మీదుగా మెదకు చేరవచ్చును. అచట చార్లెసు వాకరు పాస్నెట్టు అను వెస్లియను మెథడిస్టు మిషనరీ, కఱవున నలిగిన జనులకు పని కల్పించి అన్నము పెట్టుచు 1914లో నారంభించిన యాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. ఆ కూలివారికి మెతుకు దొరకుటచేతనే ఊరికి మెదకని పేరు కలిగెనని కొందరందురు. అది నమ్మదగదు. పందొమ్మిదవ శతాబ్దిలోనే నైజాము రాజ్యమున మెదకు జిల్లా కలదు. కథ మాత్రము కఱవును మఱవనీయదు, అందులకది మెచ్చదగినది.

ఇంత గొప్ప యాలయమునను పీఠము లేదు. ఏలయన ఇంగ్లండు మెథడిస్టులకు బిషప్పులు లేరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసునందు దక్షిణ భారత సంఘము ఏర్పడిన పిదపనే మెదకునకు బిషప్పు కలిగెను, ఆలయము కెథెడ్రలాయెను. ఇల్లు ముందు, ఆసనము వెనుక.

డోర్నకలున నిది తలక్రిందులు. భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పగు వేదనాయగం శామ్యూలు అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై డోర్నకలును పీఠస్థానముగా గైకొనెను. ఆలయమో, 1939 జనవరి 6న గాని ప్రతిష్ఠితము కాలేదు. షార్త్ర్‌వంటి కమానులను ఆయన కోరలేదు. గుమ్మటములు, మినారులు, దేవళపు మండపములను దలపించు స్తంభములు అందు గలవు. దేశీయతయందు దీనిదే పైచేయి. అయినను యాత్రికులు మెదకునకే విరివిగా పోవుదురు. ఎత్తు చూచి మరలువారే గాని పీఠమేదియని యడుగువారరుదు.

మెదకున పని ప్రతిష్ఠతో ముగియలేదు. ఫ్రాంకు సాలిస్‌బరీ రూపించిన రంగుటద్దములలో స్వర్గారోహణ గవాక్షము 1927లోను, జనన గవాక్షము పీఠము వచ్చిన 1947లోను, సిలువ గవాక్షము 1958లోను అమరెను. జర్మనీలోని కొలోను కెథెడ్రలు 1248లో నారంభమై 1880 దాక సాగినది. దానితో బోల్చిన మెదకువారు త్వరపడినట్లే.