ఎర్రనీరు, పోటునీరు

మా యానాం రేవులో గోదావరిని కంటితో చూస్తే ఏమీ తెలియదు. దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకోవాలి. వేసవిలో ఉప్పు, శ్రావణంలో మంచినీళ్లు. మా నాన్న పడవ ఎక్కేముందు చేసే మొదటి పని అదే. పుక్కిలించి ఊసి, "ఉప్పెక్కిందిరా, కొయ్యంగలు తిరుగుతాయి" అనేవాడు. ఏ వల తీసుకెళ్లాలో అక్కడే తేలిపోయేది.

ఇలా జరగడానికి కారణం పైన ధవళేశ్వరంలో ఉంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. డెల్టాకి అన్నం పెట్టిన కట్టడం అది, కాదనను. కానీ వేసవిలో నదికొచ్చే కాసిని నీళ్లూ కాలువలకే సరిపోతాయి. దిగువన గౌతమి పాయ ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి సముద్రం పోటుతో ఎక్కి వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ మరీ లోపలికి.

ఆ ఉప్పుతోపాటే పండుగప్ప వస్తుంది. తల దగ్గర కాస్త లోపలికి నొక్కినట్టుండి, మూపు పైకి లేచి ఉంటుంది. చీకట్లో దీపం పడితే కన్ను ఎర్రగా మెరుస్తుంది. మంచినీళ్లలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి దిగిపోయే చేప ఇది. పుట్టిన తర్వాత కొన్నేళ్లు మగచేపగా ఉండి, పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుంది. రేవులో ఈ మాట చెబితే కొత్తవాళ్లు నమ్మరు.

మాకు ఉత్తరంగా కోరంగి. 1839 తుపానుకి దెబ్బతిని మళ్లీ కోలుకోలేకపోయిన ఓడరేవు అది. ఇప్పుడక్కడ మడ అడవి, 1978 నుంచి అభయారణ్యం. మడచెట్ల వేళ్ల సందుల్లో చేపపిల్లలూ రొయ్యపిల్లలూ దాక్కుని పెరుగుతాయి. పాటు తీసి బురద బయటపడ్డప్పుడు, నెత్తిమీద కళ్లు పెట్టుకున్న చిన్న చేపలు ఆ బురద మీదే గెంతుతూ తిరుగుతాయి. చిన్నప్పుడు వాటిని పట్టుకోబోయి మోకాళ్లదాకా కూరుకుపోయేవాళ్లం.

ఆషాఢం వెళ్తుండగా ఎర్రనీరు దిగుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తారంటే రెండు మూడు రోజుల్లో రేవు రుచి మారిపోతుంది. బుట్టల్లో చేపలూ మారతాయి. వరదతో కొట్టుకొచ్చే మంచినీటి చేపల్లో బొచ్చెని తలే చెబుతుంది. పెద్ద తల, పైకి తెరిచిన నోరు, ఎందుకంటే అది నీటి పైపైన మేస్తుంది. శీలావతి తల చిన్నది, పెదవి అంచు కుచ్చులా ఉంటుంది, నడినీళ్లలో తిరుగుతుంది. మోసు అడుగున బురదలో మేస్తుంది. నోరు చూస్తే చేప ఏ లోతున బతికిందో తెలిసిపోతుందని నాకు నేర్పింది చేపలమ్మే ఆడవాళ్లే.

ఇక పులస. అది పండుగప్పకి సరిగ్గా ఎదురు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం విలస, నదిలో ఈదాక పులస. చేప ఒక్కటే, నీళ్లు మారితే పేరు మారింది. విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఈ తీరపు చేపలు రెండువందలు బొమ్మలు వేయించి 1803లో పుస్తకంగా తెచ్చాడు. బొమ్మలకి మనవాళ్లు చెప్పిన పేర్లనే పెట్టాడు. అందులో ఒకటి 'పలసా'. ఆ బొమ్మని బట్టి 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే దీనికి 'క్లుపియా పలసా' అని నామకరణం చేశాడు. అప్పటికి మా ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది. కానీ గంగలో దొరికిన ఇదే చేపకి హామిల్టన్ అనే మరో శాస్త్రజ్ఞుడు 1822లోనే 'ఇలీషా' అని పెట్టేయడంతో శాస్త్రంలో ఆ పేరే నిలిచింది. ఏడేళ్ల తేడాతో మన పేరు పోయిందని నాకు ఇప్పటికీ బాధే.

అంతకన్నా పెద్ద బాధ ఆనకట్ట. ఒకప్పుడు ఎగువకి సాగిన పులస దారి 1852 తర్వాత ధవళేశ్వరం దగ్గర తెగిపోయింది. ఉన్న కాస్త దూరంలోనూ వలల మీద వలలు. ఏటేటా తగ్గిపోతోంది. ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసుపెట్టెల్లో వచ్చేది పులసగా అమ్ముడుపోతోంది.

తేడా ఎలా పట్టాలో ఒక పెద్దావిడ నాకు చూపించింది. రెండింటికీ పొట్ట అంచున రంపపు పళ్లుంటాయి, పొలుసు వెండిలా మెరుస్తుంది. వీటిని బట్టి తెలియదు. "వీపు చూడండి బాబూ. ఏరు తాగినదైతే పసుపూ ఎరుపూ కలిసిన నిగారింపు వస్తది. ఇక్కడ బొటనవేలు పెట్టండి." నొక్కాను. గట్టిగా తగిలింది.

"దీనికింకా ఉప్పు దిగలేదండి. వారం ఆగి రండి" అని ఆ చేపని మళ్లీ బుట్టలో వేసి, తడిగోనె కప్పేసింది.