అర చుట్టు

కె.గంగవరం మండలంలోని కోటిపల్లి రేవు దగ్గర గౌతమి నీళ్లు ముట్టుకుంటే, అందులో రంప కొండల వాగుల తడీ కొంత తగులుతుంది. 1879లో ఈ రేవూ ఆ కొండలూ ఒకే గోదావరి జిల్లా. ఆ మార్చిలో కొండమీద పితూరీ, అంటే తిరుగుబాటు, లేచింది.

కల్లు కోసమంటే నవ్వొస్తుందేమో. జీలుగు కల్లు కొండవాడికి తాగుడొక్కటే కాదు, కొన్ని నెలల తిండి. దాని మీద రంపను ఏలే మన్సబుదారు చిగురు పన్ను వేశాడు. పైగా ఇంటికోసం గీసుకున్నా తప్పేనని ఆబ్కారీ చట్టం వచ్చింది. మిగిలింది అప్పు పత్రాలూ కోర్టు డిక్రీలూ ఊడ్చుకుపోయాయి. ఆ పత్రాలు రాయించుకున్న షావుకార్లు మన పల్లపువాళ్లే, దాచడమెందుకు? చోడవరం, అడ్డతీగల ఠాణాల మీద దాడులు జరిగాయి.

పితూరీ నడిపిన కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్యల మనుషుల చేతుల్లో ఎక్కువగా ఒత్తి తుపాకులే. నున్నటి గొట్టం, గుండ్రటి సీసపు గుండు. గొట్టం గోడలకు కొట్టుకుంటూ వెళ్లే గుండు ఎటు పోతుందో దానికే తెలీదు. వానకు ఒత్తి తడిస్తే అదీ లేదు.

ఆ కాలపు సర్కారు తుపాకి స్నైడర్. దాని గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు, 78 అంగుళాలకు ఒక చుట్టు. అంటే గొట్టం పొడవునా అర చుట్టైనా నిండదు. కానీ తాడు చుట్టి వదిలిన బొంగరంలా గుండు నిలవడానికి ఆ కాస్తే చాలింది. పొడుగు గుండు అంత మెల్లని చుట్టుకు నిలవదని, దాని ముక్కు తొలిచి తేలిక చేశారు కూడా.

చిత్రంగా అదే 1879లో ఇంగ్లండులోని ఊలిచ్‌లో గ్రీన్‌హిల్ అనే గణితవేత్త ఈ సంగతికి లెక్క కట్టాడు. గుండు వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చవేసి, 150తో గుణించి, పొడవుతో భాగిస్తే ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో వస్తుంది. అసలు చూడాల్సింది బరువు కాదు, పొడవు. ఒకే లావు గొట్టంలో బరువు పెరగాలంటే గుండు సాగాలి, సాగినకొద్దీ చుట్టు బిగియాలి. స్నైడర్ తర్వాత వచ్చిన మార్టినీ-హెన్రీ తుపాకికి 22 అంగుళాలకే ఒక చుట్టు. కొండమీద ఒత్తి ఊదుకుంటున్నవాడికి ఈ లెక్కతో పనేముంది, వాడి గొట్టంలో చుట్టే లేదు.

మద్రాసు పటాలాలు దిగాయి. 1880 నిండకముందే చంద్రయ్య పోయాడు, తమ్మన్నదొరా పోయాడు. పట్టుబడ్డవాళ్లలో కొందరు అండమాన్ ఓడ ఎక్కారు.

సర్కారు మన్సబుదారునూ తొలగించింది. చిగురు పన్ను రద్దయింది. జీలుగు చెట్టెక్కడానికి ఇక ఎవర్నీ అడగక్కర్లేకపోయింది.