నల్లరేగడిలో రెండు తెలుగు ఇళ్లు: కోవిల్‌పట్టి నవలలూ తెలుగు పాఠకుడూ

కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ (1976) తమిళ నవలే అయినా తెలుగు పాఠకుడికి పరాయిగా తోచదు. పాలకుడి కన్నుపడిన చెన్నాదేవిని కాపాడుకోవడానికి ఆంధ్రదేశం విడిచి పారిపోయిన జనం దక్షిణాదిన అడవి కాల్చి, ఊరు కట్టుకున్న కథ అది. చెప్పేది నూరేళ్లు దాటిన మంగత్తాయారు అమ్మాళ్. రచయితది కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆయనే 1982లో ఆ కరిసల్ (నల్లరేగడి) సీమ తమిళ మాండలికానికి నిఘంటువు కూర్చారు. కొనసాగింపు నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

మనవాళ్ల కథే కదా అన్న మురిపెంతో దీన్ని చదివేయడం తేలిక. నాకు ఆ మురిపెం మీదే అనుమానం. ఆడపిల్ల కోసం ఊరు విడిచిన కథ తమిళనాట స్థిరపడిన తెలుగు కులాలు చాలావాటిలో వినిపిస్తుంది. చరిత్ర కాస్త వేరే దారి పట్టిస్తుంది. విజయనగర, మధుర నాయకుల కాలంలో సైనికులతోపాటు సేద్యగాళ్లూ దిగివచ్చారు. తిరునల్వేలి సేద్య చరిత్రపై డేవిడ్ లడ్డెన్ 1985లో వెలువరించిన పుస్తకం నల్లరేగడిలో తెలుగు రైతులు కుదురుకున్న తీరును చర్చిస్తుంది. పారిపోయి వచ్చినవాళ్లమన్న జ్ఞాపకం వెనుక, భూమి సంపాదించుకున్న సంగతి మరుగున పడుతుంది.

ఇక్కడ పూమణి ‘పిరగు’ (1979) అక్కరకొస్తుంది. ఆయనా కోవిల్‌పట్టి ప్రాంతపువారే. నవలలో ప్రధాన పాత్ర అళగిరి, చెప్పులు కుట్టే చక్కిలియర్ కులస్థుడు. పూమణిది ఆ కులం కాదు. అంటే రాసినవాడికే అది పక్కవాడి బతుకు. కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెల్లో ఆ కులంవాళ్లు చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా వాళ్లను ‘మనవాళ్లు’ అని ఎంతమందిమి అనుకున్నాం?

ఒక్క వస్తువు చూద్దాం. ఎడ్లతో నీళ్లు తోడే పాతకాలపు కపిలి బావి నడవాలంటే తోలు బొక్కెన కావాలి, దాని కింద నీళ్లు జారే తొండం కావాలి. కుట్టు వదిలితే నీళ్లు సగం దారిలోనే కారిపోతాయి, ఎడ్ల శ్రమ వృథా. రైతు చూపు పారే కాలువ మీద ఉంటుంది. కుట్టేవాడికి ముందు చచ్చిన గొడ్డును మోసుకెళ్లడం ఉంది, తోలు ఊనడం ఉంది, కూలిగా కళ్లంలో దక్కే గింజలున్నాయి. ఒకే బావి, రెండు ఇళ్లలోనూ తెలుగే. ‘గోపల్ల గ్రామం’లోని పెద్దింటికి తమిళ రైతు ఇల్లు ఎంత దగ్గరో, అళగిరి ఇల్లు అంత దూరం.

తెలుగు ప్రేక్షకులు పూమణిని పేరు తెలియకుండానే చూశారు. ఆయన నవల ‘వెక్కై’ (1982) నుంచి తమిళ సినిమా ‘అసురన్’ (2019), దాని నుంచి తెలుగు ‘నారప్ప’ (2021) వచ్చాయి. నవలలో బరువంతా హత్య చేసి తప్పించుకు తిరిగే పదిహేనేళ్ల కుర్రవాడిది. తెరకు పెద్ద హీరో కావాలి గనుక బరువు తండ్రి మీదికి మారింది. వ్యాపారపరంగా అది సబబే కావచ్చు. పరాయి బతుకు మాత్రం తెలిసిన హీరో కథగా మారి చేతికందింది.

తులనాత్మక సాహిత్య తరగతిలో ఈ రెండు నవలలనూ కలిపి పెట్టేవారు ముందు ‘పిరగు’ చదివించాలని నా సూచన. ‘గోపల్ల గ్రామం’ ముందు చదివితే మంగత్తాయారు అరుగు మీద కూర్చుండిపోతాం. అళగిరి వాకిట్లో కనిపించినా పనివాడిగానే కనిపిస్తాడు.