ప్రోనోటుకు మూడేళ్లే ఎందుకు?

స్టేషనరీ దుకాణంలో దొరికే ప్రోనోటు ఫారం మీద గడువు ఎక్కడా అచ్చయి ఉండదు. మీరు గానీ, మీ అనుమతి పొందినవారు గానీ కోరినప్పుడు అసలూ వడ్డీ చెల్లిస్తాననే ఉంటుంది. అయినా అప్పిచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మూడేళ్ల లెక్క కంఠతా వచ్చు. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటారు. ఫారం మీద లేని ఈ గడువు వెనక చాలా చరిత్ర ఉంది, అందులో రైతు పడ్డ కష్టమూ ఉంది.

మన ధర్మశాస్త్రాలు అప్పుకు ఇలాంటి గడువు పెట్టలేదు. తండ్రి బాకీ కొడుకు, తాత బాకీ మనవడు తీర్చాలన్నాయి. అవి కాలాన్ని పట్టించుకున్నది ఆస్తి అనుభవం విషయంలో. సొంతదారు చూస్తూ ఊరుకోగా పరాయివాడు భూమిని ఇరవయ్యేళ్లు, ఇతర సొత్తును పదేళ్లు అనుభవిస్తే హక్కు సంగతేమిటని యాజ్ఞవల్క్యుడు చర్చించాడు. అతడి స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానాన్ని 13వ శతాబ్దంలోనే కేతన తెనిగించాడు కాబట్టి వ్యవహార ధర్మం తెలుగువాళ్లకు తెలుగులోనే అందింది. అప్పు విషయంలో స్మృతులు కట్టడి చేసింది వడ్డీని. వడ్డీ అసలును మించరాదన్నాయి. బాకీదారుకు రక్ష కాలంలో కాక మొత్తంలో ఉండేది.

కాలానికి ముడిపెట్టే పద్ధతి ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ 1623లో, మొదటి జేమ్స్ రాజు కాలంలో, మామూలు బాకీలకు ఆరేళ్ల గడువు పెట్టారు. ఏళ్లు గడిస్తే సాక్షులు చనిపోతారు, రశీదులు పోతాయి, కట్టినవాడు కట్టానని రుజువు చేసుకోలేడు. ఇది న్యాయమైన భయమే. ఈస్టిండియా కంపెనీ వాళ్లు మద్రాసు ప్రాంతానికి 1802 రెగ్యులేషన్లతో దావాలకు పన్నెండేళ్ల గడువు తెచ్చారు. 1859లో దేశమంతటికీ ఒకే కాలపరిమితి చట్టం చేసినప్పుడు రిజిస్టరు కాని అప్పు పత్రానికి మూడేళ్లే మిగిలాయి. పాత బాకీల పేరుతో దొంగ పత్రాలు పుట్టించేవాళ్ల నుంచి జనాన్ని కాపాడవచ్చన్నది ఆలోచన.

జరిగింది వేరు. గడువు దగ్గర పడగానే షావుకారు రైతును పిలిచి నోటు తిరగరాయించుకునేవాడు. ఆ నోటులో పాత వడ్డీ అసలైపోయేది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో వంద రూపాయలు తీసుకున్నవాడి లెక్క చూద్దాం. మూడేళ్లకు నోటు 172 రూపాయలకు మారుతుంది. ఆరేళ్లకు 295 దాటుతుంది. తొమ్మిదేళ్లకు 508 అవుతుంది. తిరగరాయకుండా మామూలు వడ్డీ లెక్క కడితే తొమ్మిదేళ్లకు అసలూ వడ్డీ కలిపి 316 మాత్రమే. ఆ 192 రూపాయల తేడా రైతు చేతికి ఏనాడూ అందలేదు, అయినా కాగితం మీద అసలుగా నిలిచింది. కాదంటే దావా వేస్తానని షావుకారు బెదిరిస్తాడు, మళ్లీ అప్పు పుట్టదు. అందుకే రైతు వేలిముద్ర వేసేవాడు.

1875 మే నెలలో పుణె జిల్లా సూపా గ్రామంలో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడ్డారు. చుట్టుపక్కల ఊళ్లకూ పాకిన ఆ తిరుగుబాటులో వాళ్లు ముఖ్యంగా వెతికింది అప్పు పత్రాల కోసమే, దొరికినవి కాల్చేశారు. దాని మీద వేసిన విచారణ సంఘం చెప్పిన కారణాల్లో కాలపరిమితి చట్టం ఒకటి. 1879లో దక్కన్ రైతుల కోసం చేసిన చట్టం గడువును పెంచింది: రిజిస్టరు కాని పత్రానికి ఆరేళ్లు, అయినదానికి పన్నెండేళ్లు. రైతును కాపాడాలంటే గడువు తగ్గించాలని మొదట అనుకున్నారు, ఇరవయ్యేళ్ల తర్వాత పెంచాలని తేలింది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఇదే.

మన ప్రాంతానికి ఆ ఉపశమనం రాలేదు. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1938లో చేసిన నాలుగో నంబరు చట్టం మరో దారి పట్టింది. రైతు నోటు ఎన్నిసార్లు తిరగరాసినా లెక్కను వెనక్కి లాక్కెళ్లి మొదట చేతికిచ్చిన సొమ్మునే అసలుగా చూడమంది. అసలుకు రెట్టింపు కట్టేసి ఉంటే బాకీ తీరినట్టే అంది. స్మృతులు చెప్పిన పాత హద్దు ఇలా చట్టంలోకి తిరిగి వచ్చింది. ఆంధ్ర ప్రాంతపు కోర్టుల్లో ప్రతివాదులు ఇప్పటికీ ఈ చట్టం కింద వడ్డీ తగ్గించమని అడుగుతారు.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1963 నాటి కాలపరిమితి చట్టం. మూడేళ్లు అలాగే ఉన్నాయి, అవి నోటు రాసిన తేదీ నుంచి నడుస్తాయి. 2022 మే 20న రాసిన నోటుకు 2025 మే 20 చివరి రోజు. ఆ రోజు కోర్టుకు వేసవి సెలవులైతే తెరిచిన రోజున దావా వేయవచ్చు, మర్నాడు వేస్తే చెల్లదు. అప్పీలు ఆలస్యమైతే కారణం చెప్పి మన్నించమని అడగవచ్చు గానీ దావాకు ఆ వెసులుబాటు లేదు. ప్రతివాది నోరు విప్పకపోయినా గడువు దాటిన దావాను జడ్జి కొట్టేయాల్సిందే.

నోటు వెనక వైపు మీద ఓ కన్నేసి ఉంచాలి. గడువు లోపల కొంత సొమ్ము కట్టి, బాకీదారు స్వయంగా చెల్లు రాసినా, ఎవరో రాసినదాని కింద సంతకం చేసినా, కట్టిన నాటి నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. ఐదు వందలు కట్టి పెట్టిన సంతకం లక్షల బాకీకి ప్రాణం పోయగలదు. అందుకే చెల్లు సంతకం నిజమా కాదా అన్న దాని మీద ఎన్నో ప్రోనోటు దావాలు నడుస్తాయి. కట్టినవాడు తేదీ, మొత్తం చూసుకుని సంతకం చేయాలి, తనకూ ఒక రశీదు అడిగి తీసుకోవాలి.

గడువు దాటినా బాకీ చచ్చిపోదు, కోర్టు దారి మాత్రమే మూసుకుపోతుంది. కాలదోషం పట్టిన అప్పు తీరుస్తానని బాకీదారు రాసి సంతకం చేసి ఇస్తే అది కొత్త ఒప్పందంగా చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. కొవిడ్ రోజుల్లో సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని గడువు లెక్కల్లోంచి తీసేసింది. కాబట్టి ఆనాటికి గడువు నడుస్తూ ఉన్న నోటు మీద దావా పడితే, కాలదోషం పట్టిందని అనుకునే ముందు ఆ రోజులు తీసేసి లెక్క కట్టుకోవాలి.