నీటి బడి

మా అనంతపురం జిల్లాలో బోరు ఎండితే ఒకప్పుడు తెలిసిన దారి ఒకటే: అప్పు తెచ్చి ఇంకో బోరు వేయించడం. 2003లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో, ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం మొదలయ్యాకే నేల కింది నీటికీ లెక్క ఉంటుందని మాకు తెలిసింది. ఆ పథకం రైతులకు నడిపిన నీటి బడిలో నేనూ చదివినవాణ్నే.

బడంటే గోడలూ బల్లలూ కాదు, చేనుగట్టే. పదిహేను రోజులకోసారి బోరు గొట్టంలోకి టేపు వదిలేవాళ్లం. కొస నీటిని తాకగానే పైనున్న పెట్టె కూత పెట్టేది. ఆ లోతు పుస్తకంలో రాసుకునేవాళ్లం. పొద్దున్నే వర్షమాపకం చూడటం ఇంకొకరి వంతు. అక్షరం రాదని వెనకాడిన ఆడవాళ్లు కూడా అంకెలు చదవడం నేర్చారు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది అదే.

అసలు పని రబీకి ముందు. ఒకే వాగు పరిధిలోని ఊళ్లన్నీ కూడి, కురిసిన వానెంత, ఇంకినదెంత, ఎవరు ఏ పంట వేయబోతున్నారు, దానికెంత నీరు కావాలి అని అందరి ముందూ లెక్క కట్టేవాళ్లం. లోటు తేలినా, వరి మానమని ఎవరూ ఆదేశించేవారు కాదు. ఆదేశించి ఉంటే వినేవాళ్లమూ కాదు. లెక్క కళ్లారా చూశాక చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.